నిమ్మగడ్డి : ఒక్క దుబ్బు నుండి ఎకరము దాకా

రోహిణీ కార్తె ఎండలు ముగిసి మృగశిర దగ్గర పడుచున్నదనగా, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల నుండి ఒకే ప్రశ్న ప్రతి సంవత్సరము వినవచ్చును. "నిమ్మగడ్డి విత్తనములు ఎక్కడ దొరుకుతాయి?" అని. చెలక భూమి ఉన్న రైతూ ఇదే అడుగుతాడు, పెరటిలో నాలుగు మందు మొక్కలు పెంచుకొనదలచిన ఇల్లాలూ ఇదే అడుగుతుంది. ప్రశ్నలోనే చిన్న పొరపాటు ఉన్నది. నిమ్మగడ్డిని కోరుకొనువారు వెదకవలసినది విత్తనమును కాదు, పిలకను.

ఈ పొరపాటు ఈ వ్యాసకర్తకూ తప్పలేదు. కొన్ని సంవత్సరముల క్రితము ఒక అంగడిలో 'నిమ్మగడ్డి విత్తనములు' అని వ్రాసియున్న పొట్లము కొని, మెత్తని మట్టి చేసి, చల్లి, రెండు పూటలా నీరు చిలకరించగా, నెల తిరుగునప్పటికి పచ్చగా గడ్డి మొలిచినది. ఆకు నలిపి చూస్తే పసరు వాసన తప్ప నిమ్మ పరిమళము లేశమైనను లేదు. అది పశువులు మేసే మామూలు కసువు. పెరటిలో అయినందున నష్టము పొట్లము ఖరీదుతో పోయినది. అదే ఒక రైతు ఎకరము పొలములో చేసినచో ఏమి జరుగునో ఊహించవచ్చును. నిమ్మగడ్డి ఒకసారి నాటితే అయిదేండ్ల పాటు నేలను పట్టుకొని ఉండే పైరు. నాటిన నాటి తప్పు అయిదేండ్లూ వెంట వచ్చును.

గింజ ఎందుకు పనికిరాదు?

మనము ఇండ్లలో తేనీటికి, కషాయమునకు వాడుకొను నిమ్మగడ్డికి వృక్షశాస్త్రములో సింబోపోగాన్ సిట్రేటస్ అని పేరు. ఇది పూయుట బహు అరుదు. పూసినను మొలకెత్తే గింజ పట్టుట ఇంకను అరుదు. తరతరములుగా మనుషులు దుబ్బును చీల్చి, పిలకలను పంచుకొని దీనిని బ్రతికించుకొనుచు వచ్చినారు. మీ పెరటి దుబ్బు మరెవరి పెరటి దుబ్బులోనో ఒక ముక్క. అది ఇంకొకరి దుబ్బులో ముక్క.

భావప్రకాశ నిఘంటువు భూతృణమునకు చెప్పిన పర్యాయపదములలో 'గుహ్యబీజము' అనునది ఒకటి. బీజము దాగియున్నది అని ఆ మాటకు అర్థము. భూతృణమనగా నేటి నిమ్మగడ్డియే అని ద్రవ్యగుణ పండితులలో చాలామంది తలచుచున్నారు. ఇదే కుటుంబములోని వేరొక సుగంధ తృణమును చెప్పువారూ లేకపోలేదు. ఏది ఏమైనను, గింజ కనబడని గడ్డికి ఇంతకంటె తగిన పేరు పెట్టుట కష్టము.

రెండవ జాతి సింబోపోగాన్ ఫ్లెక్సుయోసస్. కేరళ కొండలలో తైలము కొరకు పెంచినది, కొచ్చిన్ రేవు నుండి విదేశములకు తైలముగా పోయినది ఇదియే. నేడు మన దేశములో తైలము కొరకు సాగు చేయు మేలు రకములు ఎక్కువగా దీనికి చెందినవే. ఇది పూయును, గింజ పట్టును, ఆ గింజ మొలకెత్తును. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. గింజ నుండి వచ్చిన మొక్కలు తల్లి మొక్కను పోలి ఉండవు. ఒకదానిలో పరిమళ ద్రవ్యమైన సిట్రాల్ ఎక్కువ, పక్కదానిలో తక్కువ. ఒకటి గుబురుగా, ఇంకొకటి పీలగా పెరుగును. మంచి తైలములో సిట్రాల్ నూటికి 75 పాళ్ళకు తగ్గకుండా ఉండవలెను. కొనుగోలుదారు మొదట అడిగేది ఆ అంకెనే. అత్తరులకు, సబ్బులకు మాత్రమే కాక విటమిన్ ఎ కృత్రిమముగా తయారు చేయుటకు కూడ సిట్రాల్ ముడిసరుకు. కనుక గింజ మొలిచే జాతి అయినను మేలు రకమును మేలు రకముగానే నిలుపుకొనవలెనన్నచో పిలక తప్ప వేరు మార్గము లేదు.

లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమాప్) విడుదల చేసిన కృష్ణ, ప్రగతి, నీమా, చిరహరిత్ మొదలగు రకములు, కేరళలోని ఓడక్కాలి పరిశోధన కేంద్రము వారి ఓ.డి.19 (దీనికి 'సుగంధి' అని పేరు) మన వాతావరణములో పెంచదగినవి. సీమాప్ వారి పరిశోధన కేంద్రము ఒకటి హైదరాబాదులోని బోడుప్పల్‌లో ఉన్నది. జనగామ నుండి అక్కడికి ఒక పూట ప్రయాణమే. మొదటి పిలకలను అటువంటి చోటి నుండి గాని, అక్కడి నుండి తెచ్చి పెంచుచున్న రైతు పొలము నుండి గాని తెచ్చుకొనుట శ్రేయస్కరము. రకము పేరు అడిగి, వ్రాసి ఉంచుకొనవలెను. పేరు చెప్పలేని వాని వద్ద పిలకలు కొనరాదు.

ఆకు నలిపి చూడవలెను

పిలక తెచ్చుకొనునప్పుడు మోసపోకుండుటకు ముక్కును మించిన సాధనము లేదు. సిట్రొనెల్లా గడ్డి దూరమునకు అచ్చముగా నిమ్మగడ్డి వలెనే ఉండును. దాని ఆకు నలిపితే దోమలను తరుముటకు పూసుకొను నూనె వాసన వచ్చును. దానిని తేనీటికి వాడరాదు. పామరోజా గడ్డి నలిపితే గులాబి వాసన. వట్టివేరు గడ్డిలో పరిమళమంతయు వేరులోనే, ఆకు నలిపితే ఏమియు ఉండదు. నిమ్మగడ్డి ఆకు నలిపినప్పుడు నిమ్మతొక్క గిల్లినట్లు ఉండవలెను.

కాండపు రంగును బట్టి గుర్తుపట్టవచ్చునని కొందరు చెప్పెదరు. ఇది సగమే నిజము. ఇంటి వాడుక నిమ్మగడ్డి మొదలు తెలుపు కలసిన పచ్చగా, ఉల్లికాడ వలె కొంచెము ఉబ్బి ఉండును. సిట్రొనెల్లా మొదలు ఎరుపు. కాని తైలము కొరకు పెంచు కేరళ జాతిలో ఎరుపు కాండము గలదే మేలైనది, తెల్ల కాండము గలది సిట్రాల్ తక్కువైనది. కనుక రంగు చూసి ఎరుపుదంతయు చెడ్డదనుకొనరాదు.

పిలకలు తీయుట, నాటుట

తల్లి దుబ్బు కనీసము ఏడాది వయసుదై ఉండవలెను. తొలకరి పడి నేల మెత్తబడిన తరువాత, మృగశిర చివర గాని ఆరుద్రలో గాని పని మొదలుపెట్టుట మంచిది. నీటి వసతి గలవారు ఫిబ్రవరిలో కూడ నాటవచ్చును. నడి వేసవిలో, చలి ముదిరిన దినములలో వద్దు.

ముందుగా దుబ్బు ఆకును జానెడు ఎత్తున కోసివేయవలెను. ఆకు అంచు కత్తివలె చర్మమును కోయును, చేతులకు బట్ట చుట్టుకొనుట మరువరాదు. గడ్డపారతో దుబ్బు చుట్టూ త్రవ్వి, మట్టితో సహా పైకి లేపి, మట్టి దులిపి, చేతితోనే పిలకలను విడదీయవలెను. కత్తితో నరికితే మొదళ్ళు దెబ్బతినును. ప్రతి పిలకకు అడుగున గట్టి మొదలు, నాలుగు వేళ్ళు ఉండవలెను. మొదలు విరిగిపోయి ఆకుతొడుగు మాత్రమే చేతికి వచ్చినది నాటినను బ్రతకదు. పిలకను చుట్టుకొని ఉన్న ఎండు ఆకులను ఒలిచివేసి, పొడుగాటి పాత వేళ్ళను రెండంగుళములు ఉంచి కత్తిరించవలెను. పాత వేళ్ళు ఎట్లును ఎండిపోవును, కొత్త వేళ్ళు మొదలు నుండే వచ్చును. తీసిన నాడే నాటుట ఉత్తమము. దూరము తీసుకొనిపోవలసి వచ్చినచో తడి గోనెసంచిలో చుట్టి నీడన ఉంచవలెను.

లోతు విషయములో చాలామంది తప్పు చేయుచున్నారు. గాలికి పడిపోవునేమో అని అరజానెడు లోతున పూడ్చుదురు. వానలు పట్టినప్పుడు అట్టి పిలక కుళ్ళిపోవును. రెండు, మూడు అంగుళముల లోతు చాలును. పిలక చుట్టూ మట్టిని పాదముతో గట్టిగా అదమవలెను. గాలి చొరకుండుట ముఖ్యము. నీరు నిలిచే నేల అయితే బోదెలు తోలి బోదె మీద నాటవలెను. చెరువు కింది మడులు దీనికి పనికిరావు. నిమ్మగడ్డి ఎండను ఓర్చునే గాని మొదట నిలిచిన నీటిని ఓర్వదు.

వరుసకు వరుసకు రెండడుగులు, మొక్కకు మొక్కకు అడుగున్నర ఎడము ఉంచినచో ఒక గుంటకు 363, ఎకరమునకు 14,520 పిలకలు పట్టును. పిలక ఒక్కింటికి రూపాయి చొప్పున అనుకొన్నను, రవాణా కూలి కాక, ఎకరమునకు పదునాలుగు వేల పైచిలుకు. చిన్న రైతుకు ఇది తక్కువ మొత్తము కాదు. ఇక్కడనే ఈ గడ్డి స్వభావము మనకు తోడ్పడును.

బాగా పెరిగిన ఏడాది దుబ్బు నుండి ఇరవై అయిదు పిలకలు వచ్చునని తక్కువగానే లెక్క వేసుకొందము. ఒక్క మంచి దుబ్బుతో మొదలుపెట్టినను ఈ వానాకాలము 25 మొక్కలు నాటవచ్చును. మరుసటి వానాకాలమునకు అవి 625 పిలకలగును, అనగా గుంటన్నరకు మించిన చోటు. మూడవ వానాకాలమునకు 15,625. ఎకరము నాటగా వెయ్యికి పైగా మిగులును. కాగితము మీది లెక్క ఇంత సొగసుగా ఉండును గాని, చెదలు తినినవి, ఎండకు మాడినవి పోగా నాలుగవ ఏడు పట్టునని అనుకొనుట వివేకము. అయినను అప్పు లేకుండ ఎకరము పైరు కన్నుల ముందు ఉండును. అది ఏ రకమో, ఎక్కడి నుండి వచ్చినదో పూర్తిగా తెలిసియుండును. ఈ మూడేండ్లలో ఆ గడ్డి తమ నేలలో ఎట్లు పెరుగునో, ఎవరు కొందురో కూడ రైతునకు తెలిసివచ్చును. తొందరపడి ఒకేసారి అయిదెకరములు నాటువారి కంటె ఈ నిదానమే మేలని మా అభిప్రాయము.

ఇంటి మట్టుకు కావలెనన్నచో ఇంత శ్రమ అవసరము లేదు. కూరగాయల అంగడిలో దొరికే నిమ్మగడ్డి కాడలలో మొదలు చెడనిది ఒకటి ఎంచి, గాజు గ్లాసులో రెండంగుళముల నీటిలో నిలిపి, ఎండ నేరుగా పడని వెలుతురులో ఉంచి, రెండు రోజులకొకసారి నీరు మార్చుచుండవలెను. రెండు మూడు వారములలో తెల్లని వేళ్ళు కనబడును. అవి రెండంగుళములు పెరిగిన పిమ్మట కుండీలో నాటవచ్చును. కాండము మొదలు పూర్తిగా నరికివేసిన కాడకు వేళ్ళు రావు.

మూడు జిల్లాల నేలలు

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరుగువరకు ఈ మూడును ప్రధానముగా పాత వరంగల్లు జిల్లాలోనివే. కాని నేల స్వభావములో ఒకదానికొకటి పోలిక తక్కువ.

జనగామ వైపు మెట్ట ప్రాంతము, వాన తక్కువ. బచ్చన్నపేట, దేవరుప్పుల వైపు ఎర్ర చెలకలలో బోరు నీరు వేసవికి అడుగంటుట అందరికి తెలిసినదే. ఇక్కడ నిమ్మగడ్డి చావదు గాని, వేసవిలో పది, పదిహేను రోజులకొక తడి ఇవ్వలేకపోతే కోతలు తగ్గును. చెలకలలో మొదటి శత్రువు చెదలు. పచ్చి పేడ వేయరాదు, బాగా చివికిన ఎరువే వేయవలెను. నాటునప్పుడు గుంటకు ఒక పిడికెడు వేపపిండి వేయుట మంచిది. వాలు భూములలో వాలునకు అడ్డముగా వరుసలు నాటినచో వానకు మట్టి కొట్టుకొనిపోకుండ దుబ్బులు ఆపును.

భూపాలపల్లి వైపు గోదావరి దాపున, మహదేవపూర్, కాళేశ్వరము అడవుల అంచున వానకు కొదువ లేదు. అక్కడి రైతు బాధ వేరు. కోతులు, అడవిపందులు మొక్కజొన్నను, వేరుశనగను మిగులనీయవు. నిమ్మగడ్డిని అవి సాధారణముగా ముట్టవు. పశువులు కూడ ఆకలి బాధ మిక్కుటమైతే తప్ప మేయవు. ఈ ఒక్క గుణము కొరకే దానిని గట్ల మీద నాటుకొనదగును. అయితే నిమ్మగడ్డి వాసనకు పాములు రావని చెప్పు మాట నమ్మదగినది కాదు. గుబురు దుబ్బు మొదట పురుగూ పుట్రా చేరుటకు అనువైన చోటు. వాకిటికి దగ్గరగా పెంచరాదు, కోయునప్పుడు కర్రతో కదిలించి చూచి చేయి పెట్టవలెను.

మహబూబాబాద్ విషయములో ఒక హెచ్చరిక చేయక తప్పదు. అది మిరప, పత్తి విరివిగా పండు ప్రాంతము. ఆ పైరుల మీద పురుగుమందులు ఎన్నిసార్లు చల్లుదురో రైతులకే బాగుగా తెలియును. అట్టి చేను గట్టున నాటిన నిమ్మగడ్డి ఆకు మీద ఆ మందు పడక మానదు. ఆ ఆకునే తెచ్చి మరుగునీటిలో వేసి, ఆరోగ్యమునకు మంచిదని పిల్లలకు త్రాగించుట ఎంత విపరీతమో ఆలోచించండి. త్రాగుటకు వాడు గడ్డిని ఇంటి పెరటిలోనో, కుండీలోనో వేరుగా పెంచుకొనవలెను. ఎంత కడిగినను చాలదు.

కోత, తైలము

నాటిన మూడు, నాలుగు నెలలకు మొదటి కోత వచ్చును. ఆపైన రెండు, రెండున్నర నెలలకొకసారి. నేల నుండి నాలుగయిదు అంగుళములు వదిలి కోయవలెను. మరీ కిందికి కోస్తే పిలకలు తగ్గును. పూతకాడ కనబడినచో విరిచివేయవలెను. రెండవ, మూడవ సంవత్సరములలో దిగుబడి ఎక్కువ. అయిదారేండ్లకు దుబ్బు నడుమ బోలుపడి సన్నగిల్లును. అప్పుడు త్రవ్వి, అంచున ఉన్న బలమైన పిలకలను తీసి కొత్త చోట నాటుకొనవలెను.

తైలము తీయుటకు ఆవిరి బట్టీ కావలెను. టన్ను పచ్చిగడ్డికి మూడు నుండి అయిదు కిలోల తైలము వచ్చును. కోసిన గడ్డిని ఒక రోజు నీడన వాడబెట్టినచో బట్టీలో ఎక్కువ పట్టును. తీసిన తైలమును వెలుతురు సోకని పాత్రలో నిండుగా మూసి ఉంచవలెను, లేనిచో సిట్రాల్ తగ్గిపోవును. బట్టీ అందుబాటులో లేకుండ ఎకరములు నాటుట బండి లేకుండ ఎద్దులను కొనుట వంటిది. పదిమంది రైతులు కలసి ఒక బట్టీ ఏర్పాటు చేసుకొనగలరా, ఎవరు కొందురు, ఎంతకు కొందురు అనునవి పిలకలు తెచ్చుటకు ముందే తేల్చుకొనవలసినవి. కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి వారి అరోమా మిషన్ క్రింద రైతు సంఘములకు నాటు సామగ్రి, శిక్షణ, బట్టీల విషయములో సహాయము లభించుచు వచ్చినది. దాని రెండవ దశ 2021లో ప్రారంభమైనది. బోడుప్పల్ కేంద్రములో విచారించవచ్చును. బట్టీలో మిగిలిన పిప్పి ఎండిన తరువాత పొయ్యిలోకి, చివికిన తరువాత పొలములోకి పనికివచ్చును.

వాడుక, జాగ్రత్తలు

భూతృణము కటు తిక్త రసములు గలది, లఘు, రూక్ష, తీక్ష్ణ గుణములు గలది, ఉష్ణవీర్యము. ఆకలి పుట్టించును, నోటిని శుభ్రపరచును. కఫవాతములు అధికమైనప్పుడు, అనగా వానాకాలపు జలుబు, కడుపుబ్బరము, అజీర్ణములలో పెద్దలు దీనిని వాడుచు వచ్చిరి. అయితే అదే శాస్త్రము ఇది పిత్తమును, రక్తమును దూషించునని, కండ్లకు మంచిది కాదని కూడ చెప్పినది. ఈ రెండవ భాగమును నేటి ప్రకటనలు మరచిపోవుచున్నవి. కడుపులో మంట, నోటిపూత, ముక్కు నుండి రక్తము వచ్చు స్వభావము గలవారు వేసవిలో దీనికి దూరముగా ఉండుట మంచిది.

దీనిని కషాయము వలె గంట సేపు మరిగించుట వ్యర్థము. ఆకులోని గుణము ఆవిరితో పాటు ఇల్లంతా పరిమళించి పోవును, గిన్నెలో రంగు నీరు మిగులును. ఆయుర్వేదములో 'ఫాంటము' అను పద్ధతి ఇటువంటి ద్రవ్యముల కొరకే ఉన్నది. జానెడు ఆకులు మూడు, నాలుగు చిన్న ముక్కలు చేసి, పొయ్యి మీది నుండి దించిన మరుగునీటిని ఒక గ్లాసెడు పోసి, మూత పెట్టి, పది నిమిషముల తరువాత వడకట్టి త్రాగవలెను. కొంచెము అల్లము చేర్చవచ్చును. రోజుకు ఒకటి, రెండు మారులు చాలును.

నిద్ర పట్టుటకు, మనస్సు కుదుటపడుటకు ఇది దివ్యౌషధమని చెప్పువారు కలరు. బ్రెజిల్ దేశములోను ఇదే నమ్మకము ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు మనుషులపై పరీక్షించి 1986లో ప్రకటించిన ఫలితములలో ఆకు తేనీటికి నిద్రపై గాని, ఆందోళనపై గాని ప్రత్యేక ప్రభావము కానరాలేదు. వెచ్చని పానీయముగా హాయి కలిగించిన చాలునని సరిపెట్టుకొందము.

గర్భిణులు దీనిని మందుగా వాడరాదు. మూత్రపిండముల వ్యాధి గలవారు, చక్కెర వ్యాధికి, రక్తపోటునకు మందులు వాడువారు వైద్యుని అడుగక నిత్యము త్రాగరాదు. తైలమును ఎన్నడును లోపలికి తీసుకొనరాదు. నొప్పులకు పూయదలచినచో ముప్పది మిల్లీలీటర్ల నువ్వులనూనెలో నాలుగు చుక్కలకు మించకుండ కలిపి, మొదట ముంజేతిపై కొద్దిగా రాసి ఒక రోజు చూడవలెను. దద్దురు, మంట వచ్చినచో మానవలెను. మరొక మాట. అడవి ప్రాంతములలో వానాకాలపు జ్వరము మలేరియా కావచ్చును, డెంగీ కావచ్చును. చలితో జ్వరము వచ్చిన వానికి నిమ్మగడ్డి నీరు ఇచ్చి రెండు రోజులు చూద్దామనరాదు, ఆ రోజే రక్తపరీక్ష చేయించవలెను.

ఏడాదికి సరిపడ ఆకు దాచుకొనదలచినవారు వానలు వెనుకబట్టిన తరువాత, మంచు ఆరిన వేళ కోసి, అంగుళము ముక్కలు చేసి, గాలి ఆడు నీడలో గుడ్డ మీద పలుచగా పరచవలెను. ఎండలో పెట్టినచో పచ్చదనము, పరిమళము రెండును పోవును. చేతితో విరిచితే పుటుక్కున విరుగు దాకా ఆరనిచ్చి గాజు సీసాలో పోసి బిగించవలెను. సీసా మూత తీయగానే నిమ్మవాసన రాని నాడు ఆ ఆకును చెట్ల మొదట వేసి, కొత్తది కోసుకొనవచ్చును.